ఒకే ఒక్క విద్యార్థి ఉన్న శాఖ

ఇప్పుడు కాలేజీల్లో పాఠాలు చెప్పే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. వచ్చినవాళ్ళకు నేను మొట్టమొదట చెప్పేది ఒకటే. బళ్ళారిలో తత్త్వశాస్త్ర శాఖకు నేను అధిపతిని. మాకు ప్రత్యేకంగా ఒక భవనం, అందులో నాకో గది, గది తలుపు మీద పెద్ద పలక. ఇది విని వాళ్ళు కుర్చీల్లో కాస్త ముందుకు జరుగుతారు. నాకు అది చాలు.

మీరు చదువుతున్నారు గనుక, ముందుకు జరిగారో లేదో నాకు కనబడదు గనుక, మీకు నిజం చెప్పేస్తాను. భవనం కెమిస్ట్రీ వాళ్ళది. వాళ్ళ లాబ్ వెనక పగిలిన సీసాలు పడేసుకునే గదిని ఖాళీ చేసి మాకిచ్చారు. పలక మీద ఉన్నది నా పేరు కాదు, 'ఆసిడ్, జాగ్రత్త' అని. కుళ్ళిన గుడ్ల వాసన వేసే గ్యాసు వాళ్ళు తయారుచేసిన రోజున మా క్లాసులో నిశ్శబ్దం మరీ గంభీరంగా ఉండేది, ఎవరూ ఊపిరి తీసుకోరు గనుక. శాఖకు అధిపతిని నేనే. అధ్యాపకవర్గమూ నేనే.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి కొన్నేళ్ళయిన రోజులవి. నేను ఇంటర్ పిల్లలకు లాజిక్ చెప్పేవాణ్ణి. ఆ క్లాసుకు జనం బాగానే వచ్చేవారు, లెక్కలు తప్పించుకోవాలంటే లాజిక్ తీసుకోవాలి కాబట్టి. బి.ఏ.లో తత్త్వశాస్త్రం మాత్రం ఎవరో దారి తప్పి వస్తే తప్ప తీసుకునేవారు కాదు. అందుకని నాకు తీరిక ఎక్కువ. ఆ తీరికలో పరిశోధన మొదలుపెట్టాను.

నా పరిశోధన విషయం, లేకపోవడం. నవ్వకండి, ఇది పాత తగవు. నేల మీద కుండ ఉంటే కన్ను కుండను చూస్తుంది. కుండ లేదనుకోండి, అప్పుడు కన్ను దేన్ని చూస్తుంది? నేలను. కుండ ఉన్నప్పుడు కూడా ఆ నేల ఉంది కదా. మరి 'కుండ లేదు' అన్న సంగతి ఎక్కణ్ణుంచి వచ్చింది? లేకపోవడం కూడా కంటికి కనబడుతుందని మన పాత తార్కికుల్లో కొందరన్నారు. కనబడదు, అది వేరే దారిన తెలుస్తుందని కొందరన్నారు. కొన్ని వందల ఏళ్ళు పోట్లాడుకున్నారు. ఆ తగవు తీర్చడానికి బళ్ళారి నుంచి నేను బయలుదేరాను.

కాశీ పండితులు నా పరిశోధన గురించి ఉత్తరాలు రాసేవారని ఇదివరకు ఈ పత్రికలోనే ఒక సంచికలో రాశాను. పండితుడు ఒక్కడే. రాసింది కార్డు. అందులో ఉన్నది, మీ చేతిరాత తెలియడం లేదని.

స్టాఫ్ రూములో కన్నడం చెప్పే లెక్చరరు ఒకాయన నాకు ప్రాణస్నేహితుడు. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, కోపం వస్తే రెండూ. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే అందుకునేవాడు.

"ఏనప్పా ఫిలాసఫీ, ఇవాళ ఏమేమి లేదు?"

"నీకు బుద్ధి లేదు."

"అది నువ్వు కంటితో చూసినావా, ఊరికే అనుకుంటాండావా? సరిగా చెప్పు, రాసుకుంటా."

ఇలా ఉండగా మా శాఖలో ఒక విద్యార్థి చేరాడు. ఒక్కడే. సిరుగుప్ప అవతల, కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్నవాళ్ళు ఇళ్ళు వేసుకున్న చోట్లను మేమంతా క్యాంపులనేవాళ్ళం. అలాంటి ఒక క్యాంపు నుంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాట్లాడేముందు ఒక క్షణం ఆగి మాట్లాడే మనిషి. చేరిన వారంలోనే అతని తండ్రి బస్సెక్కి వచ్చాడు. భుజం మీద కండువా, కాళ్ళకు ఇంకా ఎండని బురద.

"ఫిలాసఫీ అంటే ఏందండీ మాస్టారూ?"

"ఆలోచించడం నేర్పే చదువండీ."

ఆయన ముఖం పడిపోయింది. "మావోడికి ముందునుంచీ ఆ జబ్బు ఉందండీ. అది తగ్గించే చదువేదన్నా ఉందాండీ?"

నేను ఊరుకోలేదు. ఈ చదువు చదివినవాళ్ళు కలెక్టర్లయ్యారనీ, జడ్జీలయ్యారనీ, నా చేతి కింద చదివినవాళ్ళే ముగ్గురు నలుగురు పెద్ద పదవుల్లో ఉన్నారనీ చెప్పాను. అప్పటికి నా చేతి కింద చదివినవాళ్ళలో ఒకతను హొసపేటలో సోడా దుకాణం పెట్టాడు. తక్కినవాళ్ళ సంగతి నాకు తెలియదు.

ఆయన నమ్మాడో, నమ్మినట్టు మర్యాద చేశాడో గానీ, వెళ్తూ వెళ్తూ తన షరతు చెప్పాడు. "బళ్ళారి అయితే చదువుకోనిస్తానండీ. శనారం శనారం బస్సులో వచ్చి పొలం చూసుకుంటాడు. ఇది దాటి ఇంకో ఊరు వెళ్ళాలంటే మాత్రం చదువు కట్టండీ. నాకు రెండో చెయ్యి లేదండీ."

అలా రెండేళ్ళు నడిచింది. ఒక్కడికి పాఠం చెప్పడం చాలా కష్టమని నాకు అప్పుడే తెలిసింది. నలభైమంది ఉంటే అర్థం కానివాడు పక్కవాడి వెనక దాక్కుంటాడు, సరిగా తెలియని మాస్టారు కూడా ఆ నలభైమంది వెనకే దాక్కుంటాడు. ఇతను ముందు బెంచీలో కూర్చుని నా ముఖంలోకే చూసేవాడు. నేను తడబడితే, "మళ్ళీ మొదట్నుంచి చెప్తారాండీ, నాకు తెలియలేదు," అనేవాడు. తెలియనిది అతనికి కాదని మా ఇద్దరికీ తెలుసు.

అతను చివరి ఏడాదిలోకి రాబోతుండగా ప్రిన్సిపాల్ గారు పిలిచారు. మంచి మనిషి, కానీ ఖాళీ బెంచీని చూస్తే ఆయనకు నొప్పి పుట్టేది.

"విశ్వవిద్యాలయం వాళ్ళు అడుగుతున్నారండీ, ఒక్కడి కోసం శాఖ ఎందుకని. ఒక పెద్ద ప్రొఫెసర్ని పంపుతున్నారు. చూసి రిపోర్టు రాస్తారట."

"మూసేస్తే నా సంగతి?"

"మీరు ఇంగ్లీషు చెప్పుకోవచ్చు. మీవాడే మైసూరో ధార్వాడో వెళ్ళాలి. లేదంటే ఇక్కడే సబ్జెక్టు మార్చుకుని మళ్ళీ మొదటి నుంచి చదవాలి."

మైసూరు వెళ్ళడమంటే వాళ్ళ నాన్న చెప్పినట్టు చదువు కట్టే. మళ్ళీ మొదటి నుంచి అన్నా అంతే. నేను ఆ మాట అన్నాను. ప్రిన్సిపాల్ గారు బల్ల మీద కాగితాల బరువును ఇటు నుంచి అటు జరిపి, "గది నిండుగా ఉంటే ఆయన ఏమీ అనకపోవచ్చు," అన్నారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

ఈ కాలం పిల్లలకు అరువు తనిఖీల సంగతి తెలియదు. పెళ్ళికి పక్కింటి గిన్నెలు తెచ్చుకున్నట్టు, ఆ రోజుల్లో కాలేజీ తనిఖీకి అన్నీ పక్కవాళ్ళనడిగి తెచ్చుకునేవాళ్ళం. మా ఫిజిక్స్ వాళ్ళ దుర్భిణి అనంతపురం దాకా తనిఖీలకు వెళ్ళివచ్చింది. ఆకాశం చూసిన రోజులకంటే బస్సు టాపు మీద కూర్చున్న రోజులే దానికి ఎక్కువ. లైబ్రరీలో పుస్తకాలు చాలకపోతే బజార్లో రీడింగు రూము వాళ్ళు బండి మీద పంపేవారు. మేమూ వాళ్ళకు పంపేవాళ్ళం. ఇందులో దాపరికమేమీ ఉండేది కాదు. చూడవచ్చినవాళ్ళు కూడా తమ కాలేజీలో ఇదే చేసి వచ్చినవాళ్ళు.

మా కన్నడ లెక్చరరు వినీ వినగానే చేతులు దులిపాడు. "పిల్లోళ్ళే కదప్పా కావాల్సింది? కామర్సు క్లాసులో బస్తాల లెక్కన ఉండారు. నేను చెప్తే వస్తారు. నీకు ఎంతమంది పట్టేది చెప్పు, కొలిచి పంపిస్తా."

కామర్సు పిల్లలంటే చాలామంది బజారు వర్తకుల కొడుకులు. మధ్యాహ్నాలు వాళ్ళను ఆ సీసాల గదిలో కూర్చోబెట్టి తర్ఫీదు మొదలుపెట్టాను. వాళ్ళలో నూనెమిల్లు వాళ్ళబ్బాయి ఒకడు, గుండ్రంగా, హుషారుగా, నోరు ఊరుకోని వాడు.

"సార్, మమ్మల్ని ఏమన్నా అడిగితే ఏం చెప్పల్ల?"

"అడగరు."

"అడిగితే సార్?"

"లేదు అని చెప్పండి. ఈ సబ్జెక్టులో చాలామటుకు అదే జవాబు."

నవ్వారు. నవ్వించాక పాఠం చెప్పకుండా ఉండలేని రోగం నాది. కుండ కథ ఎత్తుకున్నాను. నూనెమిల్లు అబ్బాయి చెయ్యెత్తాడు. "మా అంగట్లో లేని సరుకు చానా ఉండాది సార్. బంగారం లేదు, గుర్రాలు లేవు. దాన్నంతా మేము చూస్తాండామా?"

"బాగా అడిగావు. చూడటం లేదు. ఉంటుందని నువ్వు అనుకోలేదు కాబట్టి. నిన్న నువ్వే పెట్టిన బెల్లం బస్తా ఇవాళ అక్కడ లేదనుకో. అంగట్లో కాలు పెట్టగానే ఏం చూస్తావు?"

వాడు ఒక్క క్షణం ఆగి, "బస్తా లేనిది చూస్తా సార్," అన్నాడు. "ఇంకేమీ కనపడదు."

ఆ మాటకు నేను వాడిని కౌగిలించుకున్నానని కొన్నిచోట్ల చెప్పాను. కౌగిలించుకోలేదు. చాక్‌పీసు ముక్క ఇచ్చాను.

నా అసలు విద్యార్థికి మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. ఒక సాయంత్రం, అరువు పిల్లలు వెళ్ళిపోయాక, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"వాళ్ళంతా ఎందుకండీ మాస్టారూ? నేనున్నానుగా."

"నువ్వొక్కడివే ఉన్నావురా. అదే వాళ్ళ అభ్యంతరం."

"ఒక్కణ్ణుంటే ఉన్నట్టు కాదాండీ?"

"ఇది నీ చదువు నిలబెట్టడానికే," అన్నాను. నిజమే. అయినా ఆ మాట అన్నాక నాకు అతని ముఖం చూడబుద్ధి కాలేదు. "ఆ రోజుకు నేను వస్తానండీ," అని శనివారం బస్సుకు వెళ్ళిపోయాడు. తనిఖీ సోమవారం.

సోమవారం పొద్దున గది నిండిపోయింది. అంత జనాన్ని నా క్లాసులో చూసి కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరు కూడా తలుపు దగ్గర నిలబడ్డాడు. పిల్లలందరూ ఉతికిన బట్టలు వేసుకొచ్చారు. ముందు బెంచీల్లో ముఖాలు బాగున్నవాళ్ళను కూర్చోబెట్టాను. నా విద్యార్థి రాలేదు. సిరుగుప్ప నుంచి మొదటి బస్సు వచ్చింది, రెండోది వచ్చింది. అతను రాలేదు.

వచ్చిన ప్రొఫెసరు ముసలాయన. బక్కపలచటి మనిషి, పెద్ద తలపాగా. ఎప్పుడో మా ఆంధ్ర వైపు నుంచి వెళ్ళి అటు స్థిరపడ్డవాడు. తెలుగు మరిచిపోయాననేవాడు, కోపం వస్తే గుర్తుకొచ్చేది. వెంట విశ్వవిద్యాలయం ఆఫీసు మనిషి ఒకాయన. ఆయన మాటిమాటికీ గడియారం చూసుకుని గుంతకల్లు రైలును తలుచుకుంటున్నాడు. ప్రిన్సిపాల్ గారు వాళ్ళ వెనక.

నేను పాఠం మొదలుపెట్టాను. ఆ రోజు చెప్పినంత బాగా ఎన్నడూ చెప్పలేదని అందరితో అంటాను. అప్పుడు ఏం చెప్పానో నాకు గుర్తులేదు. నా కళ్ళు మాటిమాటికీ ముందు బెంచీ చివరికి పోతున్నాయి. అక్కడ ఎవరో జవుళి వర్తకుడి కొడుకు, జుట్టు నున్నగా దువ్వుకుని కూర్చున్నాడు. నాకు వాడు కనబడటం లేదు.

ముసలాయన కాసేపు విని చెయ్యెత్తాడు. "ఇక నేను అడుగుతాను." ఇంగ్లీషులో ఏదో అడిగాడు. పిల్లలంతా బెంచీల కిందికి చూశారు. నవ్వి, తెలుగులోకి దిగాడు.

"సరే. ఈ గదిలో ఏం లేదో చెప్పండి చూద్దాం."

ఒకడు లేచాడు. "ఏనుగు లేదు సార్."

"బాగుంది. ఇంకా?"

"ఫ్యాను లేదు సార్."

ప్రిన్సిపాల్ గారు దగ్గారు.

"కిటికీకి రెక్క లేదు సార్. తాగేదానికి నీళ్ళు లేవు సార్." వాళ్ళకు ఊపొచ్చేసింది.

"ఆగండి, ఆగండి. ఏనుగు లేదని నువ్వు చూశావా? ఏనుగు ఉంటుందని ఈ గదిలోకి వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఇక్కడ ఉంటుందని మీరు అనుకుని, వచ్చి చూసి, లేదని తెలుసుకున్నది చెప్పండి. అలాంటిది ఒక్కటి."

నా గుండె ఉప్పొంగింది. నేను చెప్పిన పాఠమే. నూనెమిల్లు అబ్బాయి లేచి నిలబడ్డాడు. వాడి నుదురు ముడిపడింది. వాడు నిజంగానే ఆలోచిస్తున్నాడు. ఒక మనిషి ముఖంలో ఆలోచన పుట్టడం అంత దగ్గరగా నేను అంతకుముందు చూడలేదు. చెప్పరా, చెప్పు, అని లోపల్లోపల వాణ్ణి తోస్తున్నాను కూడా.

"ఫిలాసఫీ చదివే అబ్బాయి లేడు సార్."

"ఎవరు?"

"ఈ క్లాసు పిల్లోడు సార్. సిరుగుప్ప తావ క్యాంపు. పొద్దున్నుంచి చూస్తాండా, యాడా కనపళ్ళా. ఆ మూల కూచుంటాడని అనుకున్నా సార్."

"మరి మీరంతా ఎవరయ్యా?"

వాడు నన్ను చూశాడు, ప్రిన్సిపాల్ గారిని చూశాడు. ఏం చేశాడో వాడికి అప్పుడే తెలిసింది. గొంతు తగ్గించి, "మేము కామర్సు సార్," అన్నాడు.

ప్రిన్సిపాల్ గారు తల పైకెత్తి, ఫ్యాను లేని చోటునే చూస్తూ నిలబడ్డారు. ఆఫీసు మనిషి ఏదో రాసుకోబోయాడు. ముసలాయన అతని చెయ్యి ఆపి నా వైపు తిరిగాడు.

"ఈ పిల్లవాడికి ఇది ఎవరు చెప్పారు?"

"నేనేనండీ."

"కామర్సు లెక్కలు రాసుకునేవాడికి నాలుగు రోజుల్లో ఇంత పట్టించగలిగినవాడివి, నీకీ దొంగ పెళ్ళివారెందుకయ్యా?" తెలుగు పూర్తిగా గుర్తొచ్చేసింది. "ఆ ఒక్కడెక్కడ?"

ఈ ఘట్టంలో నేను చాలా హుందాగా జవాబు చెప్పానని ఎక్కడైనా చదివితే నమ్మకండి. నూనెమిల్లు అబ్బాయి వైపు వేలు చూపించాను.

వాడే ఆదుకున్నాడు. "మా మిల్లు జీపు బయటే ఉండాది సార్. పోయి చూసొస్తామా?"

"సార్, రైలు," అన్నాడు ఆఫీసు మనిషి.

"ఉన్నవాణ్ణి చూడకుండానే లేడని రాయమంటావా?" అని ముసలాయన తలపాగా సర్దుకుని లేచాడు.

జీపంతా వేరుసెనగ నూనె వాసన. వెనకసీట్లో నా మోకాలు ఆఫీసు మనిషి మోకాలికి కొట్టుకుంటోంది, ప్రతిసారీ 'సారీ' అంటున్నాను. నూనెమిల్లు అబ్బాయి నా చెవి దగ్గరికి వంగి, "నేను అబద్ధం చెప్పల్లని అనుకున్నా సార్, ఆయప్ప అడిగిన తీరులో మరిచిపోయినా," అన్నాడు. ఆ మాటతో నాకు వాడి మీద కోపం పోయింది. తెలిసింది చెప్పేటప్పుడు అబద్ధం గుర్తురాకపోవడం గొప్ప సంగతే. నా విద్యార్థి చదువు మాత్రం ఆ గొప్పతనం కిందపడి నలిగిపోయేట్టుంది.

క్యాంపు దగ్గర అడిగితే కాలవగట్టు చూపించారు. నాట్లు పడుతున్నాయి. గట్టు మీద, తూము పక్కన, నా విద్యార్థి పంచె ఎగగట్టి పార పట్టుకుని నిలబడ్డాడు. జీపులోంచి దిగుతున్న తలపాగాను చూసి పార కింద పడేశాడు. మడిలోంచి తండ్రి పరుగెత్తుకొచ్చాడు.

"తప్పు నాదండీ, బాబుగారూ! మా నీటి వంతు రేపనుకున్నామండీ. నిన్న సాయంత్రం కాలవ లస్కరొచ్చి కాదు, ఇవాళేనన్నాడండీ. మేం కాలవకి చివరాఖరోళ్ళమండీ, గట్టు మీద మనిషి లేకపోతే పైవాళ్ళు పలకేసి నీళ్ళాపేస్తారండీ. నారు ఎండిపోద్దండీ. ఒకడు మడిలో, ఒకడు తూము కాడ. నేనే ఎల్లొద్దన్నానండీ."

ముసలాయన అబ్బాయిని అడిగాడు. "నీళ్ళ వంతు లేకపోతే వచ్చేవాడివా?"

అతను అలవాటు ప్రకారం ఒక క్షణం ఆగాడు. "వచ్చేవాణ్ణేనండీ. వెనక నిలబడేవాణ్ణి. బెంచీలన్నీ నిండిపోతయ్యని విన్నానండీ."

నాకు తగలవలసిన చోటే తగిలింది. ముసలాయన నన్ను చూడలేదు, ఆ మర్యాద చేశాడు. గట్టు మీద చతికిలబడి ప్రశ్నలు మొదలుపెట్టాడు. మొదట ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. అబ్బాయి నిలబడే జవాబులు చెబుతున్నాడు. తూము కింద నీళ్ళు రాళ్ళ మీద పడి మడిలోకి పారుతున్నాయి. తండ్రి చేతులు కట్టుకుని, జవాబు ఒప్పో తప్పో తెలియక, ముసలాయన కనుబొమల వైపే చూస్తున్నాడు. ఏది కంటితో తెలుస్తుంది, ఏది ఊహతో తెలుస్తుంది అన్న చోటికి వచ్చారు. అబ్బాయి ఏదో చెబుతూ చెబుతూ, మాట మధ్యలో ఆగిపోయాడు. ఆగి, పార అందుకుని, గట్టు వెంబడి పైకి పరుగెత్తాడు.

మేమంతా ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆఫీసు మనిషి, "ఇదేం మర్యాద?" అన్నాడు.

"పైన పలకేసేశారండీ," అన్నాడు తండ్రి, అటే చూస్తూ. "నీళ్ళాగినయ్యి."

అప్పుడు చూశాం. తూము కింద రాళ్ళు నల్లగా, తడిగా, ఊరికే ఉన్నాయి. జీపులో వచ్చిన మేము నలుగురం దానికి బారెడు దూరంలో ఉన్నాం. ఒక్కరికీ తెలియలేదు. పైనుంచి కేకలు వినబడ్డాయి. ఎవరివో పుట్టుకలెత్తి తిడుతున్నారు. కాసేపటికి నీళ్ళు మళ్ళీ దూకాయి. అబ్బాయి నడుం దాకా తడిసి, చొక్కా చిరిగి, తిరిగి వచ్చాడు.

"క్షమించాలండీ. ఏం అడిగారండీ?"

"అడిగింది పోనీ," అన్నాడు ముసలాయన. "నువ్వు నాతో మాట్లాడుతున్నావు. నీళ్ళవైపు వీపు పెట్టావు. చప్పుడు వింటూ మాట్లాడావా?"

"లేదండీ. వినలేదండీ."

"వినకపోతే ఆగిందని ఎలా తెలిసింది?"

అతను ఆలోచించాడు. ముక్కు మీది బురద తుడుచుకున్నాడు. "మా నాన్న ఈ గట్టు మీద నిద్రపోతాడండీ. నీళ్ళు పారినంతసేపూ లేవడు. ఆగిందంటే లేచి కూర్చుంటాడు. ఏం విని లేచావంటే చెప్పలేడండీ." మళ్ళీ ఆగాడు. "చప్పుడు విన్నామని, అది ఆగిపోయాకే తెలుస్తదండీ."

ఆఫీసు మనిషి గడియారం చూసుకోవడం మానేశాడు.

ఈ ఉదాహరణ నేనే క్లాసులో చెప్పానని ఇరవై ఏళ్ళపాటు చెప్పుకు తిరిగాను. ఒకసారి వ్యాసంలో కూడా పెట్టాను. నేను చెప్పలేదు. ముసలాయనతో పాటు నేనూ ఆ గట్టు మీదే మొదటిసారి విన్నాను. విని, నేనెందుకు ఇంతకాలం కుండను పట్టుకుని కూర్చున్నానా అనుకున్నాను.

జీపెక్కేముందు తండ్రి ముసలాయనకు అడ్డం వచ్చాడు. "మావోడి చదువు ఆగిపోద్దాండీ?"

"నేను రాసేది రాస్తాను. ఆపేవాళ్ళు వేరే ఉన్నారు," అన్నాడాయన. అంతకంటే ఏమీ మాట ఇవ్వలేదు. రైలు తప్పిపోయింది. ఆ సాయంత్రం నూనెమిల్లు వాళ్ళింట్లోనే అందరికీ భోజనం.

ఉత్తర్వు వేసవి సెలవుల చివర్లో వచ్చింది. ప్రిన్సిపాల్ గారు చదివి వినిపించారు. తత్త్వశాస్త్రంలో ఇకమీదట ఎవరినీ చేర్చుకోకూడదు. ప్రస్తుత విద్యార్థి ఉత్తీర్ణుడయ్యే వరకు శాఖను కొనసాగించవచ్చు. అరువు పిల్లల సంగతి ఎక్కడా లేదు. ఆ మేరకు ముసలాయన కూడా అబద్ధం చెప్పినట్టే.

కన్నడ లెక్చరరు భుజం తట్టాడు. "ఒక్క పిల్లోడి కోసం ఒక శాఖ. మహారాజులకు కూడా లేదప్పా ఈ మర్యాద."

ఆ ఏడాది నేను చెప్పిన పాఠాలే నా ఉద్యోగంలో పాఠాలు. ఈ మాటలో అతి లేదు. నూనెమిల్లు అబ్బాయి తన క్లాసు అయిపోగానే వచ్చి కూర్చునేవాడు. పరీక్ష రాయడానికి లేదు, హాజరు వేయడానికి లేదు. "ఏమిరా, అంగడి లేదా?" అంటే, "అది ఉంటాది లెండి సార్," అనేవాడు. ఇద్దరూ పోట్లాడుకునేవారు. నేను మధ్యలో తీర్పులు చెబుతూ, చాలాసార్లు తప్పు తీర్పులు చెబుతూ, సుఖంగా ఉన్నాను. ఎండలు ముదిరేసరికి ఆ సుఖానికి చివర కనబడటం మొదలైంది.

పరీక్షల ముందు ఆఖరి పాఠం అయిపోయింది. నూనెమిల్లు అబ్బాయి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నా విద్యార్థి కదల్లేదు.

"ఒకటి అడగనాండీ మాస్టారూ?"

"అడుగు."

"ఉత్తర్వులో ఉత్తీర్ణుడయ్యే వరకు అనే ఉంది కదండీ?"

"అవును."

"నేను ఈసారి పరీక్ష పోగొట్టుకుంటే, ఇంకో ఏడాది శాఖ ఉంటదాండీ?"

నేను తలెత్తి చూశాను. తమాషాకు అడగలేదు. తర్కంలో ఎక్కడా లోపం లేదు, నేను చెప్పిన చదువే.

"మీ నాన్న?"

"ఆయనకి నేను చెప్పుకుంటానండీ. ఒక్క ఏడాదే కదా."

ఈ సంగతి సభల్లో చెప్పేటప్పుడు, వెంటనే గద్దించాననీ, విద్యార్థి భవిష్యత్తే గురువు భవిష్యత్తు అన్నాననీ చెబుతాను. ఒకచోట చప్పట్లు కూడా కొట్టారు. వెంటనే ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇంకో ఏడాది ఉంటే ఏమేమి చెప్పవచ్చో మనసులో వరసపెట్టుకోవడం మొదలుపెట్టాను. మొదటి మూడు నెలల పాఠాలూ తేలిపోయాయి కూడా. అతను నిలబడే ఉన్నాడు, పుస్తకాలు గుండెకు ఆనించుకుని, నేను ఊ అంటే చాలు ఏడాది పారేసుకోవడానికి సిద్ధంగా.

"పోయి చదువుకో," అన్నాను చివరికి. "ఫస్టు క్లాసు రావాలి. సెకండు క్లాసు వచ్చిందంటే నిన్ను అనుమానిస్తాను."

సెకండు క్లాసే వచ్చింది. ఇప్పటికీ నాకు అనుమానమే.